చదరంగంలో దాగిన మహాసంఖ్య

చదరంగపు పలక మీద అడ్డంగా ఎనిమిది, నిలువుగా ఎనిమిది, మొత్తం అరవై నాలుగు గళ్ళు ఉంటాయి. ఎక్కాలు నేర్చిన పిల్లవాడు కూడా వాటిని నిమిషంలో లెక్కపెట్టగలడు. అయితే ఆ అరవై నాలుగు గళ్ళ నుంచి పుట్టిన ఒక సంఖ్య ఉంది. దానిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టబోతే విశ్వం వయస్సు కూడా చాలదు. అయినప్పటికీ దానిలోని ఇరవై అంకెలూ వెయ్యేళ్ళ క్రితమే మనిషికి తెలుసు. దానిని ఏయే సంఖ్యలు నిశ్శేషంగా భాగిస్తాయో నేడు సంపూర్ణంగా తెలుసు. లెక్కపెట్టడం వేరు, లెక్కకట్టడం వేరు. మొదటిది చేతులు చేసే పని. రెండవది బుద్ధి చేసే పని. ఈ రెండింటి మధ్య ఉన్న అంతరాన్ని ఆ సంఖ్య చరిత్ర స్పష్టం చేస్తుంది.

రాజు ఇచ్చిన మాట

చదరంగం భారతదేశంలో పుట్టి, పారశీక దేశం మీదుగా అరబ్బు దేశాలకు, అక్కడి నుంచి ఐరోపాకు ప్రయాణించింది. ఆటతో పాటు దాని పుట్టుకను గురించిన కథలు కూడా ప్రయాణించాయి. వాటిలో ఒకదానిని పదమూడవ శతాబ్దికి చెందిన ఇబ్న్ ఖల్లికాన్ అనే అరబ్బీ గ్రంథకర్త నమోదు చేశాడు. ఆ కథ ప్రకారం సిస్సా అనే పండితుడు చదరంగాన్ని కల్పించి షిహ్రామ్ అనే భారతీయ రాజుకు సమర్పించాడు. రాజు సంతోషించి ఏదైనా కోరుకొమ్మన్నాడు. పండితుడు పలకను ముందుంచి, మొదటి గడిలో ఒక గోధుమ గింజ, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు, నాలుగవ గడిలో ఎనిమిది చొప్పున, ప్రతి గడికీ రెట్టింపు చేస్తూ అరవై నాలుగు గళ్ళకూ సరిపడే గింజలు ఇప్పించమని కోరాడు.

కోరిక మరీ అల్పమైనదని రాజు భావించాడు. రాజ్యాలనే ఇవ్వగల ప్రభువును గుప్పెడు గింజలు అడగడం ఆయనకు చిన్నతనంగా తోచింది. వెంటనే మాట ఇచ్చాడు. కొలువులోని లెక్కగాళ్ళు లెక్క వేసి చూసిన తర్వాత గాని అసలు విషయం బయటపడలేదు. రాజ్యంలోని ధాన్యాగారాలన్నీ ఊడ్చినా ఆ మాట చెల్లదు.

ఇది చరిత్ర కాదు, కథ మాత్రమే. కాని కథలోని లెక్క మాత్రం అక్షరాలా నిజం.

ఒకటి తక్కువ రెట్టింపు

గళ్ళలోని గింజలు వరుసగా 1, 2, 4, 8, 16, 32 ... ఇలా పెరుగుతాయి. దీనిని గణితంలో గుణశ్రేఢి అంటారు. ఈ గుణశ్రేఢికి ఒక చక్కని లక్షణం ఉంది. ఏ గడిలోని గింజలైనా దానికి ముందున్న గళ్ళన్నింటిలోని గింజల మొత్తం కంటే సరిగ్గా ఒకటి ఎక్కువ. ఉదాహరణకు మొదటి మూడు గళ్ళలో 1 + 2 + 4 = 7 గింజలు ఉంటే, నాలుగవ గడిలో 8 ఉంటాయి. మొదటి నాలుగు గళ్ళలో 15 ఉంటే, అయిదవ గడిలో 16 ఉంటాయి.

ఈ లక్షణం వల్ల అరవై నాలుగు సంఖ్యలను కూడవలసిన శ్రమ తప్పుతుంది. పలకపై లేని అరవై ఐదవ గడిని ఊహించుకొని, దానిలో ఉండవలసిన గింజల నుంచి ఒకటి తీసివేస్తే చాలు. అరవై ఐదవ గడిలో ఉండవలసినవి 2⁶⁴ గింజలు. అంటే రెండును అరవై నాలుగు సార్లు వేసి హెచ్చవేసిన ఫలితం. కాబట్టి పండితునికి రావలసిన మొత్తం 2⁶⁴ − 1. అంకెలలో రాస్తే అది

1,84,46,74,40,73,70,95,51,615

లక్షా ఎనభై నాలుగు వేల కోట్ల కోట్లకు పైబడిన సంఖ్య ఇది. గోధుమ గింజలు వెయ్యి కలిస్తే సుమారు 40 గ్రాములు తూగుతాయి. ఆ లెక్కన మొదటి ముప్పై రెండు గళ్ళలోని గోధుమల బరువు సుమారు 172 టన్నులు. పది టన్నుల లారీలు పద్ధెనిమిది ఉంటే ఆ ధాన్యాన్ని తరలించవచ్చు. సగం పలక వరకు రాజు మాట నిలబెట్టుకోగలిగేవాడే. మిగిలిన సగమే ఆయనను ముంచింది. మొత్తం పలకకు కావలసిన గోధుమలు 73 వేల కోట్ల టన్నులకు పైబడతాయి. నేడు ప్రపంచ దేశాలన్నీ కలిసి ఏటా పండించే గోధుమలు సుమారు 80 కోట్ల టన్నులు. భూమి మీది రైతులందరి పంటనూ ఒక్క గింజ కూడా తినకుండా తొమ్మిది వందల ఏళ్ళు కూడబెట్టినా ఆ బాకీ తీరదు.

ప్రతిసారీ రెట్టింపయ్యే రాశి మొదట నిదానంగా నడుస్తున్నట్లు కనిపిస్తుంది. ఆరంభంలోని ఆ నిదానమే చూసేవారిని మోసగిస్తుంది. రాజు మోసపోయింది పండితుని మాటల వల్ల కాదు, మొదటి కొన్ని గళ్ళను చూసి మిగిలినవాటిని ఊహించడం వల్ల.

పద్యంలో ఇమిడిన సంఖ్య

ఈ సంఖ్య తెలుగు సాహిత్యానికి కూడా కొత్తది కాదు. తెలుగులో తొలి గణిత గ్రంథంగా పేరు పొందిన ‘సారసంగ్రహ గణితం’ రచించిన కవి పావులూరి మల్లన. మహావీరాచార్యుని సంస్కృత గణిత గ్రంథాన్ని ఆయన తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. చదరంగపు గళ్ళ సంకలితాన్ని ఇరవై అంకెలతో సహా చెప్పే ఒక చంపకమాల పద్యం ఆయన పేరున ప్రచారంలో ఉంది.

ఇరవై అంకెలు ఛందస్సులో ఎలా ఇముడుతాయి? అందుకు పూర్వకవులు భూతసంఖ్యలను ఉపయోగించారు. లోకప్రసిద్ధమైన వస్తువుల పేర్లతో అంకెలను సూచించడం ఈ పద్ధతి. చంద్రుడు ఒక్కడే కాబట్టి చంద్రుని పర్యాయపదాలన్నీ ఒకటికి గుర్తు. వేదాలు నాలుగు, సముద్రాలు నాలుగు. మన్మథుని బాణాలు ఐదు. కొండలు ఏడు. దిగ్గజాలు ఎనిమిది కాబట్టి ఏనుగు అంటే ఎనిమిది. శరీరంలోని రంధ్రాలు తొమ్మిది. ఆకాశం శూన్యం. ఒక్కొక్క వస్తువుకు ఎన్నో పర్యాయపదాలు ఉండడం వల్ల, గణానికీ యతికీ ప్రాసకూ సరిపోయే మాటను కవి ఎంచుకోగలడు.

ఈ పద్ధతిలో అంకెలు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. ముందుగా ఒకట్ల స్థానం, తర్వాత పదుల స్థానం, ఆపై వందల స్థానం చెప్పాలి. అందువల్ల ఆ పద్యం బాణాలతో మొదలవుతుంది, అంటే 5. తర్వాత చంద్రుడు, అంటే 1. ఇలా సాగి చివరకు ఏనుగుతో 8, మళ్ళీ చంద్రునితో 1 చెప్పి ముగుస్తుంది. పద్యం కంఠస్థం అయితే సంఖ్య కంఠస్థం అయినట్లే. ఒక్క మాట జారినా ఛందస్సు చెడుతుంది కాబట్టి పాఠకునికి పొరపాటు వెంటనే తెలిసిపోతుంది. అంకెలను కాపాడడానికి కవులు ఛందస్సును కావలి పెట్టారు.

ఆరు మెట్ల దారి

సంఖ్యను గుర్తుంచుకోవడం ఒక ఎత్తు. దానిని కనుక్కోవడం మరొక ఎత్తు. రెండును అరవై నాలుగు సార్లు హెచ్చవేయడం శ్రమతో కూడిన పని. దానికి అడ్డదారి చూపినవాడు కూడా ఛందశ్శాస్త్రవేత్తయే. క్రీస్తుకు పూర్వపు శతాబ్దులవాడని పండితులు భావించే పింగళుడు తన ఛందశ్శాస్త్రంలో గురులఘువుల అమరికలను పరిశీలించాడు. పద్యపాదంలోని ప్రతి అక్షరం గురువైనా కావాలి, లఘువైనా కావాలి. ఒక అక్షరానికి రెండు అమరికలు, రెండు అక్షరాలకు నాలుగు, మూడు అక్షరాలకు ఎనిమిది. మూడక్షరాల గణాలు య, మ, త, ర, జ, భ, న, స అని ఎనిమిదే ఎందుకు ఉన్నాయో ఈ లెక్క తెలియజేస్తుంది. అరవై నాలుగు అక్షరాలు ఉంటే అమరికలు 2⁶⁴ అవుతాయి.

ఎన్ని అక్షరాలున్నా అమరికల సంఖ్యను త్వరగా కనుక్కోవడానికి పింగళుడు ఒక ఉపాయం చెప్పాడు. అక్షరాల సంఖ్య సరి సంఖ్య అయితే దానిని సగం చేయాలి. బేసి సంఖ్య అయితే ఒకటి తీసివేయాలి. తిరుగు దారిలో సగం చేసిన చోట వర్గం చేయాలి. ఒకటి తీసివేసిన చోట రెండుతో హెచ్చవేయాలి. అరవై నాలుగును సగం చేస్తూ పోతే 32, 16, 8, 4, 2, 1 అని ఆరు మెట్లలో ఒకటికి చేరుతుంది. కాబట్టి రెండుతో మొదలుపెట్టి ఆరు సార్లు వర్గం చేస్తే చాలు.

2 → 4 → 16 → 256 → 65,536 → 4,29,49,67,296 → 1,84,46,74,40,73,70,95,51,616

అరవై మూడు హెచ్చవేతల పని ఆరు హెచ్చవేతలతో ముగిసింది. సుమారు క్రీ.శ. 1000 ప్రాంతంలో అల్‌బెరూనీ అనే మహాపండితుడు చదరంగపు లెక్కను వివరించినప్పుడు కూడా ఒక గడి సంఖ్యను వర్గం చేసి దూరపు గడి సంఖ్యను రాబట్టే మార్గాన్నే అనుసరించాడు. చివరి ఫలితం నుంచి ఒకటి తీసివేసి, పైన పేర్కొన్న ఇరవై అంకెల సంఖ్యనే ఇచ్చాడు.

సంఖ్యను విడదీయడం

ఒక సంఖ్య స్వభావం తెలియాలంటే దాని కారణాంకాలు తెలియాలి. 1, తాను తప్ప వేరే భాజకాలు లేని సంఖ్యలను ప్రధాన సంఖ్యలు అంటారు. 2, 3, 5, 7, 11 మొదలైనవి అటువంటివి. ఒకటి కంటే పెద్దదైన ప్రతి పూర్ణసంఖ్యనూ ప్రధాన సంఖ్యల లబ్ధంగా రాయవచ్చు. క్రమం సంగతి విడిచిపెడితే అలా రాయడానికి ఒకే ఒక విధం ఉంటుంది. మహాభవనమైనా ఇటుకలతో కట్టినదే అయినట్లు, ఎంత పెద్ద సంఖ్య అయినా ప్రధాన సంఖ్యలతో కట్టినదే.

చదరంగపు సంఖ్య 5తో ముగుస్తుంది కాబట్టి దానిని 5 భాగిస్తుంది. దానిలోని అంకెలన్నింటినీ కూడితే 87 వస్తుంది. 87ను 3 భాగిస్తుంది కాబట్టి ఆ సంఖ్యను కూడా 3 భాగిస్తుంది. 87ను 9 భాగించదు కాబట్టి ఆ సంఖ్యను 9 భాగించదు. ఇంతవరకు పాఠశాల విద్యార్థికి తెలిసిన పరీక్షలే. మిగిలిన భాజకాలను ఇలా ఒక్కొక్కటిగా వెదుకుతూ పోతే ఎంతో కాలం పడుతుంది. ఇక్కడ ఉన్నత పాఠశాలలో నేర్చిన ఒక సర్వసమీకరణం సహాయపడుతుంది.

క² − 1 = (క − 1)(క + 1)

2⁶⁴ అనేది 2³² యొక్క వర్గం. కాబట్టి 2⁶⁴ − 1 = (2³² − 1)(2³² + 1). ఇందులోని 2³² − 1 కూడా అదే రూపంలో ఉంది. దానిని (2¹⁶ − 1)(2¹⁶ + 1)గా విడదీయవచ్చు. ఇలా విడదీస్తూ పోతే చివరకు చదరంగపు సంఖ్య ఆరు సంఖ్యల లబ్ధంగా నిలుస్తుంది.

3 × 5 × 17 × 257 × 65,537 × 4,29,49,67,297

వీటిని పింగళుని మెట్లతో పోల్చి చూస్తే ఒక విశేషం కనిపిస్తుంది. చివరిది తప్ప మిగిలిన ఆరు మెట్లు 2, 4, 16, 256, 65,536, 4,29,49,67,296. ఒక్కొక్క మెట్టుకు ఒకటి కలిపితే వచ్చేవే ఈ ఆరు కారణాంకాలు. సంఖ్యను నిర్మించిన దారిలోనే దానిని విడదీసే దారి కూడా దాగి ఉంది.

ఫెర్మా నమ్మకం, ఆయిలర్ పరీక్ష

ఈ ఆరు సంఖ్యలకు ఒక ప్రసిద్ధ చరిత్ర ఉంది. పదిహేడవ శతాబ్దిలో ఫ్రాన్సు దేశంలోని తులూజ్ నగరంలో న్యాయస్థాన సభ్యుడుగా పనిచేసిన పియర్ ఫెర్మాకు గణితం తీరిక వేళల వ్యాపకం. ఆ వ్యాపకంలోనే ఆయన తన కాలపు గణితజ్ఞులలో అగ్రగణ్యుడయ్యాడు. 3, 5, 17, 257, 65,537 — ఈ ఐదూ ప్రధాన సంఖ్యలే. ఈ వరుసలో ఎంత దూరం వెళ్ళినా ప్రధాన సంఖ్యలే వస్తాయని ఫెర్మా నమ్మాడు. తన నమ్మకాన్ని 1640లో మిత్రునికి రాసిన లేఖలో తెలియజేశాడు. దానికి పూర్తి నిరూపణ తన వద్ద లేదని కూడా నిజాయితీతో ఒప్పుకొన్నాడు. నేడు ఈ వరుసలోని సంఖ్యలను ఫెర్మా సంఖ్యలు అంటున్నారు.

ఫెర్మా అంతటి వాని మాట కాబట్టి, ఆరవ సంఖ్య నాలుగు వందల కోట్లకు పైబడినది కాబట్టి, దాదాపు తొంభై ఏళ్ళు ఆ నమ్మకం చెక్కుచెదరలేదు. 1729లో గోల్డ్‌బాక్ అనే గణితజ్ఞుడు ఈ విషయాన్ని ఒక లేఖ ద్వారా లియొనార్డ్ ఆయిలర్ దృష్టికి తెచ్చాడు. ఆయిలర్ అప్పుడు రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ అకాడమీలో పనిచేస్తున్న యువకుడు. తన ఇరవై ఐదవ ఏట, 1732లో, ఆయన ఫలితం ప్రకటించాడు.

4,29,49,67,297 = 641 × 67,00,417

ఆరవ సంఖ్య ప్రధాన సంఖ్య కాదు. మూడంకెల చిన్న సంఖ్య ఒకటి దానిని నిశ్శేషంగా భాగిస్తున్నది. ఫెర్మా ఊహ కూలిపోయింది.

ఆయిలర్ ఈ భాజకాన్ని అదృష్టం మీద ఆధారపడి పట్టుకోలేదు. 2³² + 1ని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా ఉంటే, అది 64 యొక్క గుణిజానికి ఒకటి కలిపిన రూపంలోనే ఉండాలి. ఈ నియమాన్ని ఆయన తర్వాతి రచనలో నిరూపించి చూపాడు. ఈ నియమం తెలిస్తే వెదకవలసిన మేర ఎంతగానో తగ్గుతుంది. 65, 129, 193, 257, 321, 385, 449, 513, 577, 641 ... ఇలా సాగే వరుసలో ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641 మాత్రమే. మొదటి నాలుగూ భాగించవు. అయిదవది భాగిస్తుంది. నాలుగు వందల కోట్లకు మించిన సంఖ్య రహస్యం అయిదు భాగహారాలతో బయటపడింది.

ఆ ఒక్క భాగహారం కూడా చేయకుండా 641 భాగిస్తుందని తేల్చే మార్గం ఉంది. 641ని రెండు విధాలుగా రాయవచ్చు.

641 = 5 × 2⁷ + 1
641 = 5⁴ + 2⁴

రెండవ దానిని 2²⁸ చేత హెచ్చవేస్తే 5⁴ × 2²⁸ + 2³² వస్తుంది. ఇది 641 యొక్క గుణిజం. ఇక క⁴ − 1 అనే సంఖ్యకు క + 1 ఎప్పుడూ కారణాంకమే. క స్థానంలో 5 × 2⁷ ఉంచితే క + 1 అంటే 641. కాబట్టి 5⁴ × 2²⁸ − 1 కూడా 641 యొక్క గుణిజమే. రెండు గుణిజాల భేదం కూడా గుణిజమే అవుతుంది. మొదటి దాని నుంచి రెండవ దానిని తీసివేస్తే మిగిలేది 2³² + 1. ఇంతటితో నిరూపణ ముగిసింది.

67,00,417 కూడా ప్రధాన సంఖ్యయే. కాబట్టి చదరంగపు సంఖ్య యొక్క సంపూర్ణ విభజన ఇది.

3 × 5 × 17 × 257 × 641 × 65,537 × 67,00,417

ఏడు ప్రధాన సంఖ్యలు, ఒక్కొక్కటి ఒక్కసారి మాత్రమే. ఈ ఏడింటిలో కొన్నింటిని ఎంచుకొని, కొన్నింటిని విడిచిపెట్టి హెచ్చవేస్తే భాజకాలు వస్తాయి. ప్రతి దానికీ ఎంచుకోవడం, విడిచిపెట్టడం అని రెండే అవకాశాలు ఉన్నాయి కాబట్టి మొత్తం భాజకాలు 2⁷, అంటే 128. రెట్టింపుల నుంచి పుట్టిన సంఖ్యకు భాజకాల లెక్క కూడా రెట్టింపులలోనే ఉండడం గమనింపదగినది.

ఫెర్మా ఊహకు మరింత విపరీతమైన పరిణామం ఎదురైంది. ఆరవ సంఖ్య నుంచి ముప్పై మూడవ సంఖ్య వరకు అన్నీ సంయుక్త సంఖ్యలేనని గణితజ్ఞులు, కంప్యూటర్ల సహాయంతో, నిర్ధారించారు. అన్నీ ప్రధాన సంఖ్యలే అవుతాయని ఆయన నమ్మిన వరుసలో, మొదటి ఐదు తప్ప మరొక ప్రధాన సంఖ్య ఇంతవరకు దొరకలేదు.

సగం పలక కానుక

కూలిపోయిన ఊహలో నిలిచిన ఐదు సంఖ్యలు వ్యర్థం కాలేదు. 1796లో జర్మనీ దేశానికి చెందిన కార్ల్ ఫ్రెడరిక్ గౌస్, పందొమ్మిదేళ్ళు కూడా నిండని వయస్సులో, కొలబద్ద, వృత్తలేఖిని మాత్రమే ఉపయోగించి పదిహేడు సమాన భుజాలు గల క్రమ బహుభుజిని నిర్మించవచ్చునని కనుగొన్నాడు. గ్రీకుల కాలం నుంచి రెండు వేల ఏళ్ళు ఎవరికీ తోచని విషయం అది. బేసి సంఖ్యలో భుజాలు గల క్రమ బహుభుజిని ఆ రెండు పరికరాలతో నిర్మించడానికి వీలు కావాలంటే, ఆ సంఖ్య ఫెర్మా ప్రధాన సంఖ్య కావాలి, లేదా వేరువేరు ఫెర్మా ప్రధాన సంఖ్యల లబ్ధం కావాలి. గౌస్ ప్రకటించిన ఈ నియమంలో మిగిలిన భాగాన్ని 1837లో వాంజెల్ నిరూపించి సంపూర్ణం చేశాడు.

తెలిసిన ఐదు ఫెర్మా ప్రధాన సంఖ్యలను హెచ్చవేస్తే 4,29,49,67,295 వస్తుంది. ఇది 2³² − 1. అంటే చదరంగపు పలకలో మొదటి సగం మీది గోధుమ గింజల సంఖ్య. కొలబద్ద, వృత్తలేఖినులతో నిర్మించడానికి వీలున్న బేసి భుజాల క్రమ బహుభుజులలో ఇంతవరకు తెలిసిన వాటిలో అతి పెద్దదానికి సరిగ్గా అన్ని భుజాలు ఉంటాయి. ధాన్యపు లెక్కకూ రేఖాగణితానికీ పైకి ఏ సంబంధమూ కనిపించదు. కారణాంకాలు ఆ సంబంధాన్ని బయటపెట్టాయి.

గోపురం నుంచి కంప్యూటర్ వరకు

1883లో ఎడ్వర్డ్ లూకాస్ అనే ఫ్రెంచి గణితజ్ఞుడు ‘హనోయ్ గోపురం’ అనే ఆటను ప్రవేశపెట్టాడు. మూడు కడ్డీలు, వాటిలో ఒకదాని మీద పెద్దదాని నుంచి చిన్నదాని వరకు పేర్చిన బిళ్ళలు ఉంటాయి. ఒకసారికి ఒక బిళ్ళను మాత్రమే కదుపుతూ, చిన్న బిళ్ళ మీద పెద్ద బిళ్ళను ఎన్నడూ పెట్టకుండా, గోపురాన్ని మొత్తంగా వేరొక కడ్డీకి చేర్చాలి. అడుగు బిళ్ళను కదపాలంటే ముందుగా పైవాటినన్నింటినీ పక్కకు చేర్చాలి. తర్వాత వాటిని మళ్ళీ దాని మీదికి తేవాలి. కాబట్టి బిళ్ళ ఒకటి పెరిగినప్పుడల్లా కదలికలు రెండింతలై, వాటికి ఒకటి చేరుతుంది. 1, 3, 7, 15 ... ఇలా పెరిగి అరవై నాలుగు బిళ్ళలకు చదరంగపు సంఖ్యే వస్తుంది.

కాశీలోని ఒక ఆలయంలో అరవై నాలుగు బంగారు బిళ్ళలను పూజారులు రాత్రింబవళ్ళు కదుపుతున్నారనీ, ఆ పని ముగిసిన నాడు లోకం అంతమవుతుందనీ ఆ ఆటకు ఒక కథను జోడించారు. ఆ కథ ఫ్రాన్సులో ఆటతో పాటు పుట్టినదే. సెకనుకు ఒక కదలిక చొప్పున చేసినా ఆ పనికి సుమారు 58 వేల కోట్ల సంవత్సరాలు పడుతుంది. శాస్త్రజ్ఞుల అంచనా ప్రకారం విశ్వం వయస్సు సుమారు 1,380 కోట్ల సంవత్సరాలు. దానికి నలభై రెట్లకు మించిన కాలం అది.

ఇంత పెద్ద సంఖ్య నేడు సామాన్యుని చేతిలోని ఫోనులో కూడా ఉంది. చదరంగపు గళ్ళలో కొన్నింటిని ఎంచుకొని వాటిలోని గింజలను కూడితే, ఒకటి నుంచి మొత్తం వరకు ఏ సంఖ్యనైనా పొందవచ్చు. ప్రతి సంఖ్యకూ ఒకే ఒక ఎంపిక సరిపోతుంది. 100 కావాలంటే 64, 32, 4 గింజలున్న గళ్ళను ఎంచుకోవాలి. మరొక దారి లేదు. ఎంచుకొన్న గడికి 1, విడిచిన గడికి 0 రాస్తే అదే కంప్యూటర్లు వాడే ద్విసంఖ్యామానం. గురువు, లఘువు అనే రెండు గుర్తులతో పింగళుడు చేసిన పని వంటిదే ఇది. నేటి కంప్యూటర్లు చాలావరకు అరవై నాలుగు స్థానాలతో పనిచేస్తాయి. ఆ స్థానాలన్నింటిలో 1 ఉన్నప్పుడు వచ్చే సంఖ్యే చదరంగపు సంఖ్య.

ముప్పై రెండు స్థానాలు చాలునని భావించి నిర్మించిన వ్యవస్థలు కూడా ఎన్నో ఉన్నాయి. అనేక కంప్యూటర్లు 1970 జనవరి 1 నుంచి గడచిన సెకన్ల సంఖ్యగా కాలాన్ని గుర్తుంచుకొంటాయి. వాటిలో ముప్పై రెండు స్థానాలు మాత్రమే ఉన్నవి, ఒక స్థానాన్ని ధన, రుణ గుర్తుకు కేటాయించడం వల్ల, 2038 జనవరి 19 తర్వాతి కాలాన్ని సరిగా చూపలేవు. అందువల్ల వాటిని అరవై నాలుగు స్థానాలకు మార్చే పని కొనసాగుతున్నది. అలా మార్చితే 29 వేల కోట్ల సంవత్సరాల వరకు చిక్కు ఉండదు. సగం పలకకూ పూర్తి పలకకూ ఉన్న భేదం ఇక్కడ కూడా కనిపిస్తుంది.

షిహ్రామ్ రాజు మొదటి కొన్ని గళ్ళను చూసి, లెక్క వేయకుండా మాట ఇచ్చాడు. ఫెర్మా మొదటి ఐదు సంఖ్యలను చూసి, నిరూపణ లేకుండా నమ్మాడు. కథలోని రాజు, చరిత్రలోని మేధావి — ఇద్దరూ మొదటి కొన్నింటిని బట్టి మిగిలినవాటిని నిర్ణయించారు. ఫెర్మా తన వద్ద నిరూపణ లేదని ముందే చెప్పాడు కాబట్టి, తర్వాతివారికి పరీక్షించవలసిన ప్రశ్న ఒకటి మిగిలింది. ఆ ప్రశ్నే ఆయిలర్‌ను 641 వద్దకు నడిపించింది. ఉదాహరణలు ఎన్ని ఉన్నా అవి నిరూపణకు సాటి రావు. సంఖ్య ఎంత పెద్దదైనా సక్రమమైన ఆలోచనకు అందకుండా పోదు. ఎవరూ కూర్చి చూడలేని గోధుమల రాశిలోని గింజల సంఖ్య, చివరి గింజ వరకు, ఒక తెలుగు పద్యంలో నేటికీ భద్రంగా ఉంది.